తాక్ డాక్టరు, బార్లీ నీళ్లు

మా తాక్ డాక్టరు చేతిలో గ్లాసు నిలవదు. అదే చేత్తో ముక్కులో పుల్ల పెడితే మాత్రం వెంట్రుకవాసి వణకదు. మొక్‌పో రేవులోని చేపల బజారులో మేము వైరస్ పరీక్షల డేరా వేసినప్పటి నుంచీ ఆయన బార్లీ నీళ్లు ఒలకబొయ్యని రోజు లేదు. ఒకసారి బల్ల మీద, ఒకసారి తన బూట్లలో, ఒకసారి ఏకంగా తనిఖీకొచ్చిన అధికారి ఒళ్లో! పక్కన నిలబడే నర్సుని నేను. సిగ్గుతో సగం చచ్చి, గుడ్డ పట్టుకుని తుడిచేదాన్ని.

"మూత ఉన్న గ్లాసు కొనుక్కోండి డాక్టరుగారూ!"

"మూత తీసేటప్పుడు ఇంకా ఎక్కువ ఒలుకుతుందమ్మా."

ఒక ఉదయం కొంగ్ అవ్వ వచ్చింది. చేపలమ్మే ఆడవాళ్లలో ఆవిడ నోటికి జడవనివాళ్లు లేరు. వాళ్లంతా వెనక వరసలో ఉన్నారు.

"రెండు పుల్లలెందుకయ్యా? నాకున్నది ఒక్కటే ముక్కు!"

"ఒకటి మీరే ముక్కు అంచున తిప్పుకుంటారు అవ్వా. రెండోది నేను లోపలిదాకా పెడతాను. వైరస్‌ని ఏది బాగా పడుతుందో పోల్చి చూస్తాం. మీ పుల్లే చాలనుకోండి, ఇక జనానికి నా బాధ తప్పుతుంది."

"అయితే నేనే గెలుస్తా చూడు!" అని అవ్వ తన పుల్ల గిరగిరా తిప్పేసింది.

రెండో పుల్ల లోపలికి వెళ్లి వచ్చింది. డేరా ఎగిరిపోయేలా ఒక తుమ్ము. మరుక్షణం ఆవిడ ముఖం పాలిపోయింది. చేతులు రెండూ ఒళ్లో ముడుచుకుని తల వంచేసింది.

"ఏం అక్కా, కుర్చీకి అతుక్కుపోయావా?" వరసలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

అవ్వ తల ఇంకా కిందికి వాలింది. కుర్చీ కింద తడి చూశాక నాకు సంగతి తెలిసింది. తుమ్ముకి పాపం ఆపుకోలేకపోయింది. లేస్తే బజారంతా చూస్తుంది. ఏం చెయ్యాలో తోచక గుడ్డ కోసం తడుముకున్నాను.

"అయ్యయ్యో!" డాక్టరు చేతిలోంచి గోరువెచ్చటి బార్లీ నీళ్ల జగ్గు జగ్గంతా అవ్వ ఒళ్లో పడింది.

అవ్వ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. అంతే, నోరు తిరిగొచ్చింది. "కళ్లు నెత్తికెక్కాయా! నిలువునా తడిపేశావు కదయ్యా!" అని తిడుతూ, నీళ్లోడుతూ, దర్జాగా బయటికి నడిచింది. బజారంతా డాక్టర్ని చూసి నవ్వింది.

"కావాలనే పోశారు కదూ?" అన్నాను గుసగుసగా.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నెమ్మదమ్మా!"

"మరి రోజూ ఒలకబోసేది?"

"రోజూ పోస్తేనే కదా, కావలసిన రోజున జనం నమ్మేది!"

బయట అవ్వ గొంతు ఖంగున మోగుతోంది. "నిలబడి చూస్తారేమే? వెళ్లి ముక్కులివ్వండి! వాడు ఒట్టి తింగరోడు గానీ, చెయ్యి మాత్రం బంగారం!"

తాక్ డాక్టరు సిగ్గుతో మాస్కు కళ్లదాకా లాక్కున్నాడు.