తాడుపడవ జిల్ఫా బొగ్గుబొమ్మ

జిల్ఫా బ్రాకెట్ ఎవరో పరాయి చిత్రకారుడి ముందు మధ్యాహ్నమంతా కదలకుండా కూర్చుని బొమ్మ వేయించుకుందనీ, అవతలి ఒడ్డున జనం పడవ కోసం బూర ఊది ఊది విసిగి వెనక్కి పోయారనీ ఆ చలికాలమంతా పార్సన్స్ బెండ్ ఊళ్లో చెప్పుకున్నారు. దుకాణంలో పొయ్యి చుట్టూ చేరినవాళ్లు ఆ మాటకు రోజుకో ముక్క అతికించారు. మొగుడు పోయి ఏడాది తిరగకుండానే సోకు పుట్టుకొచ్చిందన్నారు.

ఆ మాట పుట్టించింది ఓజియస్ ఫెన్. సాకో నది మీద తిరిగే తాడుపడవను తన మేనల్లుడికి ఇప్పించాలని అతని ఆశ. అది జిల్ఫా భర్త ఏమస్ నడిపిన పడవ. గడ్డకట్టిన నది మీది మంచు విరిగి ఏమస్ మునిగిపోయాక, మార్చిలో జరిగే ఊరిసభ దాకా నడుపుకోమని పెద్దలు ఆమెకు వదిలారు. ఆ పైన ఎవరిదో సభలో చేతులెత్తి తేలుస్తారు. బూర మోగినా పడవ కదల్లేదని ఒక్కసారి రుజువైతే చాలు, పడవ ఆమె చేతిలోంచి పోతుంది. ఆమెకు ఉన్న బతుకుతెరువు అదొక్కటే.

నిజానికి అక్టోబరులో జరిగింది ఇదీ. ఊరూరా తిరిగి ముఖాలు గీసుకుని బతికే సైలస్ ట్రోబ్రిడ్జ్ ఒకరోజు నది దాటడానికి పడవెక్కాడు. రెండు ఒడ్లకూ కట్టిన లావుపాటి తాడును పట్టి లాగుతూ జిల్ఫా పడవ నడుపుతుంటే కళ్లప్పగించి చూశాడు.

“ఒక్క గంట నా ఎదురుగా కూర్చుంటావా అమ్మా?”

“నేను కూర్చుంటే పడవెవరు లాగుతారు, మీరా?”

“నా చేతులు చూడు. బొగ్గుముక్క పట్టుకుంటేనే బొబ్బలెక్కుతాయి.”

“అయితే మీరే కూర్చోండి. నా పని నేను చేసుకుంటా. ముఖం ఎక్కడికీ పోదుగా.”

అతను ఒక గోధుమ బస్తా మీద కూర్చుని కాగితం బిగించిన పలక ఒళ్లో పెట్టుకున్నాడు. చెంప మీద వెలుగు తేవడానికి మెత్తని రొట్టె కావాలన్నాడు. జిల్ఫా తను తినడానికి తెచ్చుకున్న రొట్టె ఇచ్చింది. అతను లోపలి మెత్తనిది ఉండ చేసి కాగితం మీది నలుపును అద్ది తీశాడు. మిగిలిన పెచ్చు ఆమె తిన్నది.

“నా తిండంతా నా చెంపకే పెట్టేశారు” అంది.

సాయంత్రానికి బొమ్మ పూర్తయింది. తల, మెడ, భుజాలు, అంతే. అతను దాన్ని ఆమెకే ఇచ్చి బోస్టన్ దారి పట్టాడు. చెయ్యి తగిలితే చెరిగిపోతుందని, అద్దం బిగించమని ఆమె దుకాణంలో ఇచ్చింది. అందరి కళ్లూ దాని మీద పడింది అక్కడే.

“వెళ్లి చెప్పవే, పడవలోనే గీశాడని” అని వదిన తిర్జా పోరుపెట్టేది.

“బూర మోగిన ప్రతిసారీ వెళ్లాను వదినా. అది కూడా ఇల్లిల్లూ తిరిగి చెప్పుకోవాలా?”

ఆ రోజు పడవెక్కినవాళ్లు కోతలు ముగించుకుని పై ఊళ్లకు పోయే కూలీలు. సాక్ష్యానికి ఎవరూ లేరు.

మార్చి సభకు ఓజియస్ దుకాణంలోంచి ఆ బొమ్మనే పట్టుకొచ్చాడు. జిల్ఫా సభామందిరం పై వసారాలో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది.

“చూడండయ్యా. ఇంత నింపాదిగా బొమ్మ దిగాలంటే పనిలో ఉన్న మనిషికి కుదురుతుందా?”

సభ నడిపే లాత్రప్ పెద్దాయన తలెత్తి, “ఏమంటావమ్మా జిల్ఫా?” అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. “పడవలోనే గీశాడండీ. నేను లాగుతూనే ఉన్నాను.”

“లాగుతూ బొమ్మ దిగిందట” అన్నాడు ఓజియస్. “నిద్రపోతూ పొలం దున్నినట్టు.”

జనం నవ్వారు. వెనక బల్ల మీంచి, నదిలో దుంగలు తోలే జోథమ్ లేచాడు.

“ఆ బొమ్మ ఇటు తిప్పు.”

“ఎప్పుడో చూశావుగా.”

“దుకాణం చీకట్లో చూశాను. తిప్పవయ్యా. ఆ ఎడమ భుజం చూడు, చెవి దాకా లేచింది. ఆ మెడనరం చూడు. కుర్చీలో కూర్చున్న మనిషికి అలా లేస్తుందా?”

“గీసినవాడికి చేతకాలేదు.”

“ఓజియస్, నువ్వు పుట్టి బుద్ధెరిగాక తాడు లాగినట్టు లేదు.”

బల్లల మీద మగవాళ్లు ఒక్కొక్కరే లేని తాడు పట్టుకుని లాగి చూశారు. ఎడమ భుజాలు పైకి లేచాయి. ఒకరి మెడ ఒకరు చూసుకున్నారు. లాత్రప్ పెద్దాయన కూడా బల్ల చాటున ఒకసారి లాగి చూసుకుని గొంతు సవరించుకున్నాడు. పైన జిల్ఫా నవ్వలేదు. తల నిటారుగా పెట్టుకుని, తన భుజాన్ని మోస్తున్న అంతమంది మగవాళ్లను తనివితీరా చూసింది.

“పడవ జిల్ఫాకే అన్నవాళ్లు చేతులెత్తండి” అన్నాడు పెద్దాయన.

చేతులు లేచాయి. ఓజియస్ మేనల్లుడిది కూడా లేచింది. ఏమస్ భార్య అని కాకుండా జిల్ఫా బ్రాకెట్ పేరు మీదే పడవ ఖాయమైంది. వంతెన పడేదాకా ఆమే నడిపింది.

అక్టోబరులో ఆ రోజు, బొమ్మ పూర్తయ్యేదాకా దిగనని ఆ చిత్రకారుడు మొండికేస్తే, బూర మోగకపోయినా ఆమె అతన్ని ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ తిప్పుతూనే ఉంది. ఆ ఏడాది మొత్తంలో పడవ నదిని అన్నిసార్లు దాటిన మధ్యాహ్నం ఇంకొకటి లేదు.