జ్వరాల సారు పెట్టించిన రూలు

ఇరవై ఎనిమిదేళ్లు ఇల్లిల్లూ తిరిగి "మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉందా?" అని అడగడమే ఉద్యోగమైన మనిషిని జనం ఏమని పిలుస్తారు? జ్వరాల సారు అనే పిలిచారు. ఆయన ఆరోగ్య శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. పేపరు రెండుసార్లు చదివినా పొద్దుపోక, భార్య ఏ పని చేస్తున్నా పక్కన నిలబడి తనిఖీ చేస్తున్న రోజుల్లో ఒక వీడియో గేముల కంపెనీ నుంచి కబురొచ్చింది. వాళ్లు మహమ్మారి ఆట ఒకటి తయారుచేస్తున్నారట. అది అచ్చం నిజంలా ఉందో లేదో చూసి చెప్పడానికి అనుభవమున్న పెద్దమనిషి కావాలట. ఆయన కంటే ముందు ఆయన భార్య ఒప్పేసుకుంది.

మొదటి రోజు ఆయన చేతే ఆట ఆడించారు. మొదటి కేసు కనబడగానే బళ్లు మూయించి బస్సులు ఆపించే బటన్ ఒకటి వెలిగింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"నొక్కండి సార్, జనం పోతున్నారు" అంది పక్కన కూర్చున్న టీమ్ లీడరమ్మాయి.

"పైనుంచి ఆర్డరు రావాలి కదమ్మా."

"పైన ఎవరూ లేరు సార్. అంతా మీరే."

ఆ మాట నుంచి ఆయన తేరుకోవడానికి కాసేపు పట్టింది. ఈలోగా సగం దేశం తుడిచిపెట్టుకుపోయింది.

ఇక ఆటను పరీక్షించేవాళ్ల వ్యూహాలు చూడాలి. మూలనున్న ఓ చిన్న ఊరికి దారులన్నీ మూసేసి, రోగాన్ని అక్కడే ముదరనిచ్చి, దాని గుట్టు తెలిశాక తీరిగ్గా మందు కనిపెట్టడం వాళ్ల దృష్టిలో తిరుగులేని ఎత్తు. మరి ఆ ఊళ్లోవాళ్ల సంగతేమిటని ఆయన అడిగితే, "కొన్ని పాయింట్లు పోతాయి సార్, తర్వాత మళ్లీ రాబట్టేయొచ్చు" అన్నారు, నిమ్మకు నీరెత్తినట్టు. కర్ఫ్యూ అంటే ఒక్క నొక్కుతో వీధులన్నీ ఖాళీ. సర్వే అంటే ఇంకో నొక్కుతో ఎంతమందికి జ్వరమో ఎర్రటి అంకెల్లో ప్రత్యక్షం, ఒక్క మనిషి తేడా లేకుండా. ఆ అంకె చూసేసరికి జ్వరాల సారుకు ఒళ్లు మండిపోయింది.

"ఈ లెక్క ఎవరిచ్చారు?"

"కంప్యూటరు సార్."

"ఆయనెప్పుడైనా ఒక తలుపు తట్టారా?"

తట్టితే ఏమవుతుందో సారుకు తెలుసు. బెల్లు మోగగానే లోపల దగ్గు వినబడకుండా టీవీ సౌండు పెరుగుతుంది. తలుపు బెత్తెడు తెరుచుకుంటుంది. "మాకేమండీ, గుండ్రాళ్లలా ఉన్నాం" అంటారు. వెనక మంచం మీద ఆ గుండ్రాయి దుప్పటి కప్పుకుని వణుకుతూ ఉంటుంది. అందుకే ఆటలో సర్వే అంకె తప్పుగానే రావాలనీ, పెరిగిన టీవీ సౌండునూ మూసిన కిటికీలనూ మందుల షాపు దగ్గర రద్దీనీ చూసి ఆటగాడే అసలు లెక్క పట్టుకోవాలనీ ఆయన పట్టుబట్టారు. ఆఫీసులో దానికి దాపరికం రూలని పేరు పెట్టి నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు, ఆయన పట్టు మాత్రం సడలలేదు.

దానికో కారణం ఉంది. ఒకసారి మండుటెండలో, ఒక వీధిలో పంతొమ్మిది ఇళ్లవాళ్లూ లేదంటే లేదన్నారు. టీవీలన్నీ మోగుతుండగా ఈయన కూడా వాదించే ఓపిక లేక రిజిస్టర్లో "లేదు" అని రాసుకుని వచ్చేశారు. ఆ వారంలోనే ఆ వీధిలో ఇద్దరు జ్వరంతో పోయారు. ఆ సంగతి ఆయన భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆటలోనైనా ఎవరో ఒకరు ఆ "లేదు"ను నమ్మకుండా లోపలికి తొంగిచూడాలని ఆయన కోరిక.

కంపెనీ ఓనరుకు ఈ రూలు తలకెక్కలేదు. "చదువుకున్నవాళ్లు అలా దాచరు సార్. నిజంలా లేదు. ఆడేవాళ్లు నమ్మరు" అన్నాడు. ఉంచాలో తీసేయాలో శుక్రవారం మీటింగులో తేల్చేస్తానన్నాడు.

మంగళవారం సాయంత్రం సారుకు ఒళ్లు కాలడం మొదలైంది. బుధవారం థర్మామీటరు నూటొకటి చూపించింది.

"ఈ నాలుగు రోజులూ మానేయండి" అంది భార్య.

"నేను లేకపోతే రూలు ఎత్తేస్తారే."

"ఊళ్లోవాళ్లందరికీ నీతులు చెప్పారు కదా ఇన్నాళ్లూ."

"ఇది జ్వరం కాదు. ఎండ వేడి."

బయట వాన పడుతోంది. ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. ఈయన మాత్ర మింగి బయల్దేరారు. మాస్కు పెట్టుకుంటే అనుమానం వస్తుందని పెట్టుకోలేదు. గురువారం కూడా అంతే.

శుక్రవారం మీటింగులో ఓనరు బల్ల మీద అరచేతులు ఆనించి నిలబడ్డాడు.

"మన ఆఫీసునే చూద్దాం. ఇక్కడ ఎవరైనా జ్వరం పెట్టుకుని చెప్పకుండా వస్తారా? ఒక్కణ్ని చూపించండి సార్, రూలు ఉంచేస్తాను."

జ్వరముంటే రామన్నట్టు అందరూ అడ్డంగా తలలూపారు. జ్వరాల సారు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. నోరు విప్పితే రూలు బతుకుతుంది, ఇరవై ఎనిమిదేళ్ల పరువు గంగలో కలుస్తుంది. విప్పకపోతే ఆ పంతొమ్మిది ఇళ్లూ మళ్లీ గుండ్రాళ్లే.

"నన్ను చూడండి" అన్నారు చివరికి. "నాకు జ్వరం."

కుర్చీలన్నీ ఒక్కసారి వెనక్కి జరిగాయి. ఓనరు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లిపోయాడు. "నాక్కూడా గొంతు నొప్పిగా ఉంది సార్" అని బల్ల చివర్నుంచి ఒక గొంతు, "నాకూ నిన్నట్నించి" అని ఇంకో గొంతు లేచాయి.

"రూలు ఉంచండి" అన్నాడు ఓనరు గుమ్మంలోంచే. "మీరు మాత్రం రేపట్నించి రావద్దు సార్."

గది ఖాళీ అయింది. టీమ్ లీడరమ్మాయి ఒక్కతే బల్ల అవతలి కొసన కంప్యూటరు ముందు ఉండిపోయింది.

"రూల్లో ఒక గడి నింపాలి సార్. జ్వరం వచ్చాక ఎన్ని రోజులు దాస్తారు?"

"నాకు ఇవాళ పొద్దున్నుంచేనమ్మా."

ఆమె వేళ్లు కదల్లేదు.

"నిజం చెప్పండి సార్. నిన్న మీ ఎదురుగా కూర్చునే భోంచేశాను. నా పాపకి ఆరు నెలలు."

సిగ్గుతో ఆయన చెవులు జ్వరం కంటే ఎక్కువ కాలిపోయాయి.

"మూడు రోజులు" అన్నారు.

ఆమె గడిలో మూడు వేసి, బ్యాగు తీసుకుని, ఆయన వైపు చూడకుండా వెళ్లిపోయింది.