పాత మోడల్లో మగగొంతు

ఆ రోజుల్లో కంప్యూటర్లకి తెలుగు రాదు. ఇప్పుడైతే జేబులో ఫోను కూడా పొద్దున్నే లేపి, తెలుగులో ఎండ సంగతి చెప్పి, అడగకుండానే సలహాలిస్తోంది. నేను చెప్పే కాలంలో రాయ్‌పూర్‌లో లాప్‌టాప్ అంటే కలిగినవాళ్ళ ఇళ్ళలో, అల్లికల గుడ్డ కప్పుకుని, టీవీ పక్కన కూర్చునే వస్తువు. ఆ వస్తువులో పాత మోడల్ కొనాలా కొత్త మోడల్ కొనాలా అని మా ఇంట్లో ఒక చలికాలంలో తగువు నడిచింది. తగువంటే అరుపులు ఉంటాయనుకునేరు. మా ఇంట్లో అరిచే మనిషికి అప్పటికే గొంతు తీసేశారు.

మా నాన్న రైల్వేలో టీటీ. కాకినాడ వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. ఆయన స్లీపరు బోగీలోకి ఎక్కి "టికెట్ దిఖావో!" అంటే, పక్క బోగీలో టికెట్ లేనివాళ్ళు చెప్పులు వెతుక్కునేవాళ్ళని తోటి టీటీలు చెప్పుకునేవారు. వాళ్ళు పెట్టిన పేరే భోంపూ సాబ్. (భోంపూ అంటే బండి హారను. నన్ను కాలనీలో పీపీ అనేవాళ్ళు. వారసత్వం ఎంతవరకు అందిందో మీరే ఊహించుకోండి.) ఆదివారం తెలుగు ఆరాధనలో బైబిలు పాఠం ఎప్పుడూ ఆయనే చదివేవాడు, అదీ మైకుని పక్కకి జరిపి. అలాంటి మనిషికి గొంతులో పుండు పుట్టింది. ఆసుపత్రివాళ్ళు లోపలి స్వరపేటిక మొత్తం తీసేసి, ఊపిరి కోసం మెడ కింద ఒక రంధ్రం పెట్టి, దాని మీద పలచటి గుడ్డ కట్టి ఇంటికి పంపారు. ప్రాణం నిలబడింది, అదే పదివేలన్నారు. మా అమ్మ నర్సు కాబట్టి ఆ గుడ్డ మార్చడం, రంధ్రం శుభ్రం చేయడం కూర తరిగినంత మామూలుగా చేసేది. ఏడవాల్సిందంతా స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది. ఆ ఇంటి కుళాయి అంత తరచుగా తిరగడం నేనెప్పుడూ చూడలేదు.

మెడకి ఆనించి మాట్లాడే చిన్న యంత్రమొకటి ఆసుపత్రిలోనే ఇచ్చారు. నాన్న దాన్ని వరండాలో ఒక్కసారి వాడాడు. పక్కింటి కుక్క మొరిగింది. నాన్న యంత్రాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఇక మిగిలింది పలక. నాన్న తెలుగులో గొలుసుకట్టుగా రాసేవాడు. నేనేమో హిందీ మీడియం. కూడబలుక్కుని మొదటి మాట దాటేసరికి ఆయన చెయ్యి చాచి పలక లాక్కునేవాడు. (ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ పలక చలవే.) అమ్మ గడగడా చదివేది గాని ఆమెతో వేరే చిక్కు. నాన్న ఆమెను తిట్టడానికి రాయడం మొదలుపెడితే, సగంలో ఉండగానే కొంగుతో తుడిచేసి "ఆఁ, అర్థమైందిలెండి" అనేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకి దొరికిన మొదటి అవకాశం మరి. నాన్న ఉత్త పలక వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూసేవాడు. మొదట్లో మేమిద్దరం నవ్వేవాళ్ళం. కొన్నాళ్ళకి ఆయన బలపం ముట్టుకోవడం మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. భోజనానికి పిలిస్తే లేచి వచ్చి, తిని, మళ్ళీ గోడ వైపు తిరిగేవాడు.

నేనప్పుడు ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో టైపింగు నేర్పేవాణ్ణి. నాకంటే పెద్దవాళ్ళు కూడా సర్ అని పిలవడంతో నేను గొప్ప నిపుణుణ్ణనే నమ్మకం బాగా ముదిరి ఉంది. మా సెంటర్లో పాత కంప్యూటరొకటి, మనం టైపు చేసింది పైకి చదివి వినిపించేది. మగగొంతు. జలుబు చేసిన దొర బావిలోంచి మాట్లాడుతున్నట్టుండేది. దాన్ని వినగానే నాకు నాన్న గుర్తొచ్చాడు. ఇంటికి పరిగెత్తి చెప్పాను. నాన్న గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. అది చాలు నాకు. ఆ మాటలాడే ఏర్పాటున్న లాప్‌టాప్ కొనాలని ఆ పూటే తేల్చేశాం.

తీరా బజారుకెళ్ళి చూస్తే కొత్త మోడళ్ళు వచ్చేశాయి. పలచన, తళతళ, పెద్ద తెర. అన్నీ బాగానే ఉన్నాయి గాని, వాటిలో గొంతు మార్చేశారు. ఆడగొంతు! విమానంలో బెల్టు కట్టుకోమనే అమ్మాయిలా తియ్యగా మాట్లాడుతోంది. భోంపూ సాబ్ నోట ఆ గొంతా? నా రక్తం ఉడికింది. (పాత గొంతుని కొత్తదాంట్లోకి ఎక్కించొచ్చు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నేనూ ప్రయత్నించాను. ఎక్కలేదు సరికదా, మా సెంటరు కంప్యూటరు కూడా మూగబోయింది. అదీ నా నైపుణ్యం.) పాతదాన్ని చూసి ముక్కు చిట్లించే నేను, పాత మోడల్ కోసం ఊరంతా తిరిగాను. దుకాణాలవాళ్ళు నన్ను జాలిగా చూశారు. చివరికి గుఢియారీలో, రైలు పట్టాల పక్క సందులో ఒక సేఠ్ దగ్గర ఒకటి దొరికింది. పక్కనే కొత్త మోడల్ కూడా ఉంది. తండ్రిని తీసుకొచ్చి రెండూ చూపించు, అన్నాడు సేఠ్.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ తన అభిప్రాయం చెప్పింది.

"నాకా మగగొంతు వద్దురా. వంటింట్లో పొయ్యి దగ్గర ఉంటాను, వెనకనుంచి ఎవడో పరాయి మగాడు టీ పెట్టమంటే గరిటె విసిరేస్తాను."

నాన్న చాలా రోజుల తరవాత పలక అందుకుని ఒక్క మాట రాశాడు. "ఆడగొంతైతే?"

"మీ అమ్మగారనుకుని పెట్టేస్తాలెండి."

నాన్న భుజాలు కదిలాయి. నాకు మాత్రం నవ్వు రాలేదు. "అమ్మా, నాన్న పరువు గురించి ఆలోచించవా? చర్చిలో, కాలనీలో అందరూ నవ్వరా?" అని లేచి వెళ్ళిపోయాను. పరువు మొత్తం నా భుజాల మీదే ఉందనుకునే వయసు.

మర్నాడు ముగ్గురం గుఢియారీ వెళ్ళాం. సేఠ్ నాన్న మెడకున్న గుడ్డ చూడనట్టు నటిస్తూ, దాన్నే చూస్తూ, "అంకల్, నయావాలా లీజియే నా. పురానే మే క్యా రఖా హై!" అన్నాడు. కొత్తది తీసుకోండి, పాతదాంట్లో ఏముందని! నేను ఆయన్ని లెక్కచేయకుండా పాత మోడల్ తెరిచి నాన్న ముందు పెట్టాను. నాన్న ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఇంగ్లీషు అక్షరాలతో "ticket dikhao" అని కొట్టాడు. దొర బావిలోంచి "టికెట్ డికాయో" అన్నాడు. సేఠ్ పకపకా నవ్వి, నా మొహం చూసి దగ్గులోకి మార్చాడు.

"గంభీరంగా ఉంది కదా నాన్నా? మగగొంతు!" అన్నాను.

నాన్న మళ్ళీ అదే నొక్కి విన్నాడు. తల వంచి, చెవి దగ్గరగా పెట్టి, మళ్ళీ విన్నాడు. పట్టాల మీద గూడ్సు బండి ఒకటి వెళ్ళింది. అది పూర్తిగా వెళ్ళేదాకా ఆగి, మరొక్కసారి విన్నాడు. ఆ తరవాత కొత్తదాన్ని దగ్గరికి లాక్కుని అదే మాట కొట్టాడు. అమ్మాయి తియ్యగా అదే టికెట్టు తనకి తోచిన తీరులో అడిగింది. నాన్న అమ్మ చేతిసంచిలోంచి పలక తీశాడు. ఈసారి గొలుసుకట్టుగా కాకుండా, నా కోసం అక్షరాలు విడివిడిగా రాశాడు.

"పాతది వింటే నా గొంతు ఇలా ఉండేదనుకుంటారు. కొత్తది వింటే ఇది నాది కాదని చంటిపిల్లకైనా తెలుస్తుంది. అదే తీసుకో."

నేను చదవడం అయ్యేదాకా పలక లాక్కోలేదు. చదివాక కూడా నేను ఊరుకోలేదు. "నవ్వుతారు నాన్నా" అన్నాను. ఆయన తుడిచి రాశాడు. "నవ్వనీ." అమ్మ తుడవడానికి కొంగు ఎత్తి, ఎందుకో తుడవకుండా, పలకని అలాగే సంచిలో పెట్టేసుకుంది.

నవ్వారు, అందులో సందేహం లేదు. కాలనీలో ఆ గొంతుకి మేడమ్ అని పేరు పెట్టారు. నాన్న తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, మేడమ్ వాటిని నమిలి, తనకి తోచినట్టు పలికేది. అన్నం "యానమ్" అయింది. నన్ను "ఒరే" అని పిలిస్తే "ఓర్" అనేది. మా అమ్మ అయితే నాన్నకంటే మేడమ్‌కే ఎక్కువ మర్యాద ఇచ్చి "వస్తున్నానండీ" అనేది. ఆరాధనలో నాన్న పాఠం చదివిన రోజున "ప్రభువా" అన్న మాట "ప్రాబ్యువా" అయి, ముందు వరసలోని పిల్లలు బెంచీల కింద దూరారు, పాస్టరుగారు పుస్తకంలో మొహం దాచుకున్నారు. నేను తలవంచుకున్నాను. నాన్న మాత్రం తల ఎత్తి, సభ మొత్తాన్ని ఆ చివర నుంచి ఈ చివరదాకా చూశాడు. బోగీలోకి ఎక్కినప్పుడు ఎలా చూసేవాడో అలా. గోడ వైపు తిరగడం ఆ వారంతో ఆగిపోయింది. కాలనీలో ఉన్న తగువులన్నిటిలోకీ మేడమ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు.

చలి తగ్గేసరికి దగ్గులో నెత్తురు పడింది. అమ్మ ఆ గుడ్డని మాకు చూపించకుండా మడిచి పారేసింది గాని, కుళాయి తిరిగిన చప్పుడు విన్నాం. ఆసుపత్రిలో డాక్టరుగారు చిన్నవాడు, హిందీలో చాలా నెమ్మదిగా చెప్పాడు. జబ్బు మళ్ళీ వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఇంకో ఆపరేషను వల్ల లాభం ఉండదు. అమ్మకి ఆ మాటలన్నీ ముందే తెలిసినట్టు గోడ మీది కేలండరు చూస్తోంది. నాన్న నా ఒళ్ళోంచి లాప్‌టాప్ లాక్కుని తెరిచాడు. ఒక్క వేలితో "kitna din" అని కొట్టాడు. ఎన్ని రోజులు, అని. మీట నొక్కాడు.

మేడమ్ విమానంలో లాగే తియ్యగా, "కిడ్న డీన్" అంది.

డాక్టరుగారు వెంటనే కాగితాలు తిరగేసి, ఊరటగా తల ఊపాడు. "కిడ్నీ? కిడ్నీ తో బిల్కుల్ ఠీక్ హై, అంకల్! కిడ్నీ కీ చింతా మత్ కీజియే." కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి, ఆ దిగులు పెట్టుకోవద్దని.

నాన్న డాక్టర్ని చూశాడు, నన్ను చూశాడు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. మెడ దగ్గరి గుడ్డ ఎగిరెగిరి పడుతోంది, దాని వెనక రంధ్రంలోంచి ఈల లాంటి గాలి. ఆయాసమనుకుని నేను లేచాను. ఆయాసం కాదు. కళ్ళవెంట నీళ్ళు కారుతూ, బల్ల మీద చేత్తో కొడుతూ నవ్వుతున్నాడు. "ఏవండీ, ఆపండీ, ఊపిరాడదు" అంటూ వీపు రాస్తున్న అమ్మకి మాట మధ్యలోనే నవ్వు తన్నుకొచ్చింది. నేను డాక్టరుగారికి అసలు ప్రశ్న ఏమిటో చెప్పడానికి ప్రయత్నించి, రెండు మాటలు అనగానే నేనూ ఆగలేకపోయాను. అర్థమయ్యాక ఆయన కూడా నవ్వి, వెంటనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బయట వరసలో కూర్చున్నవాళ్ళు మాకేదో శుభవార్త దొరికిందనుకుని ఉంటారు. మేం సర్దుకున్నాక డాక్టరుగారు కిటికీ వైపు చూస్తూ, "గర్మీ తక్... షాయద్" అన్నాడు. ఎండలదాకా, బహుశా. నాన్న సరేనన్నట్టు తల ఊపి, ఆయనకి నమస్కారం పెట్టాడు.

ఇంటికి ఆటోలో వచ్చాం. రోడ్డంతా గుంతలు, ఆటోవాడు కుర్ర ఉత్సాహంలో ఉన్నాడు. ప్రతి గుంతకీ నాన్నకి దగ్గు. ఆయన ఓపిక పట్టి, నా ఒళ్ళో ఉన్న లాప్‌టాప్ మీదికి వంగి, ఈసారి ఇంగ్లీషులోనే "Slow, brother, slow" అని కొట్టాడు. అన్నాళ్ళలో మొదటిసారి మేడమ్ ఒక్క ముక్క తప్పు లేకుండా పలికింది. ఆటోవాడు ఉలిక్కిపడి అద్దంలో చూశాడు. అమ్మ నోరు మూసుకునే ఉంది. అయినా ఆమే అనుకున్నాడేమో, "హౌ దీదీ, హౌ" అని ఛత్తీస్‌గఢీలో సరేనని, ఇల్లు చేరేదాకా గుడ్లు మోస్తున్నవాడిలా నడిపాడు. నాన్న గర్వంగా నా వైపు చూశాడు. ఒక బండి మొత్తం మళ్ళీ ఆయన మాట విన్నది.

ఎండలు ముదరకముందే ఆయన వెళ్ళిపోయాడు. డాక్టరుగారన్నది మరీ తప్పేమీ కాదు. ఇన్నేళ్ళ తరవాత నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆసుపత్రి గది కాదు, ఆ ఆటోలో నాన్న పక్కన కూర్చున్న ఇరవై దాటిన కుర్రాడు. మగగొంతు కోసం ఊరంతా తిరిగి ఓడిపోయిన ఆ నిపుణుడు, రెండు చేతులతో లాప్‌టాప్‌ని పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా తెర మూలకి చూసుకుంటున్నాడు. బ్యాటరీ ఎంత మిగిలిందో అని. ఇల్లు చేరేలోపు నాన్న ఇంకా ఏమైనా అనాలనుకుంటాడేమో, అప్పటికి ఆరిపోతుందేమోనని వాడి బెంగ. డాక్టరు చెప్పిందంతా విని కూడా, పాపం, వాడికి ఆ క్షణాన ఉన్న దిగులు అదొక్కటే.