మూడో రోజు తెంపిన మళ్లు

మా బాపు సిమెంటు అమ్ముకున్నడు కాబట్టే బడి కప్పు పెచ్చులూడిందని కేతేపల్లి దిక్కు ఇప్పటికీ చెప్పుకుంటరు. అబద్ధం. ఆ కప్పు పోసిన మేస్త్రి బిడ్డను నేను. దానికి నీళ్లు మోసినదాన్ని. నాకు తెల్వదా?

నడి ఎండకాలం. స్లాబు పోసినంక బాపు దాని మీద మట్టితోని వరి మళ్ల లెక్క చిన్న చిన్న మళ్లు కట్టిండు. అమ్మ, నేను నిచ్చెనెక్కి కుండలతోని నింపినం. "రెండు వారాలు తడి ఆరొద్దు బిడ్డా, ఇది పచ్చి బాలింత" అనెటోడు.

మూడో రోజే ఓవర్సీరు వచ్చిండు. కొత్త బడి చూడ పెద్ద అధికారి వస్తడట, జెండా స్లాబు మీదనే ఎగరేస్తడట!

"మేస్త్రీ, మళ్లు తెంపు. సారు బూట్లు తడుస్తయి."

"నీళ్లు నిలవాలె సారూ. కింద ఊతమిచ్చిన మొగురాలు గూడ తియ్యలే."

"బురదైతే నీ రుమాలుతోని తుడుస్తవా?"

ఓవర్సీరు వెంట వచ్చిన ఊరి పెద్దలు పడిపడి నవ్విండ్రు. బాపు పార పట్టి మళ్లు తెంపిండు. జెండా అయినంక మళ్ల నింపుతనంటే, కొత్తగ సున్నమేసిన గోడకు చారలు పడ్తయని ఓవర్సీరు ఒప్పుకోలే.

ఎనిమిదేండ్లకు పెచ్చులు రాలి, తుప్పు పట్టిన సలాకలు బయటపడ్డయి. "బస్తాలు మింగిండు" అన్నరు. బాపుకు పని ఇచ్చెటోడే లేకపాయె.

నేనప్పుడు హైదరాబాద్‌ల బీఎస్సీ చదువుతున్న. ఆ కప్పుకెల్లి సలాక వెనక దాక ఒక గడ్డ పెకిలించుకపోయి కాలేజీ ల్యాబుల ఫినాఫ్తలీను చుక్కలు వేసిన. లోపల, సున్నపు ఘాటు మిగిలినకాడ, గులాబి రంగు తేలింది. బయటి నుంచి సలాక దాక రంగే లేదు. తడి చాలని సిమెంటుల సన్న రంధ్రాలు తెరుచుకునే ఉంటయి. వాటెంబడి బొగ్గుపులుసు వాయువు సొచ్చి, లోపలి సున్నాన్ని సుద్ద చేస్తది. ఆ సుద్ద కొన్ని రంధ్రాలను పూడుస్తది గూడ; పైకి గట్టిగనే కనబడ్తది! కాని ఇనుమును తుప్పు నుంచి కాసేది ఆ సున్నపు ఘాటే. అది పోయినంక తుప్పు ఉబ్బి పెచ్చును తన్నేస్తది. బస్తాలెన్ని పడ్డయో ఆ రంగు చెప్పదు, ఒప్పుకుంట. కాని తెచ్చిన బస్తాలన్ని విప్పి కలుపంగ నేను చూసిన.

ఊళ్లె గిదే చెప్పిన. "ఆడపిల్ల రంగునీళ్లు తెచ్చింది" అని ఒక పెద్దమనిషి చుట్ట ముట్టించుకున్నడు. ఆనాడు బూట్ల మాటకు అందరికంటె గట్టిగ నవ్వింది ఆయనే.

బాపు సచ్చెదాక మళ్ల తాపీ ముట్టలే. ఓవర్సీరుకు నౌకరి భయం, సరే. మరి పెద్దమనుషులారా, ఎండిన మళ్ల మీద నిలబడి చప్పట్లు కొట్టిన మీరు? మళ్లు తెంపిచ్చింది ఎవరో మీల ఒక్కరన్నా ఎందుకు చెప్పలే?