మొదటి పేరు కోసం బాపట్ల నుంచి రేపల్లెకు

తెనాలి చుట్టుపక్కల రైసు మిల్లుల్లో లారీలు తూచే కాటాలకు నేను సాఫ్ట్‌వేర్ రాస్తాను. కాలేజీలో నేర్చుకున్నది కాదు; పుస్తకాలు కొనుక్కుని, తప్పులు చేసి నేర్చుకున్నది. నందివెలుగు మిల్లులో కాటా ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, మళ్లీ ఎంతసేపటికి నడిచింది అన్నది మూడేళ్లుగా ఏ రోజుకారోజు రాసి పెట్టుకున్నాను. ఆ వివరాలతో రాసిన పేపరును బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ జరిపే సాఫ్ట్‌వేర్ విశ్వసనీయత సదస్సుకు పంపాను. వాళ్ల సైటు తీసుకోకపోతే కన్వీనర్ మేడమ్‌కు మెయిల్ చేశాను. అంగీకరించారు. రెండు రోజుల సదస్సు, నా వంతు రెండో రోజు. అయినా మొదటి రోజే బయలుదేరాను.

ఉదయం ఏడున్నర ప్రాంతంలో తెనాలిలో రైలెక్కితే సుమారు గంటలో బాపట్ల. జనరల్ టికెట్టు చాలు. స్టేషన్ నుంచి కాలేజీకి షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. గేటు దగ్గర మెడలో కార్డు వేసి, కార్యక్రమాల పుస్తకం చేతికిచ్చారు. నిలబడే తిరగేశాను. నా పేపరుకు మొదటి పేరు ఆ కాలేజీ విభాగాధిపతిది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. రెండో పేరు నాది.

కన్వీనర్ మేడమ్‌ను అడిగాను. ఆవిడ ఏమాత్రం తడబడలేదు.

"మీకు సంస్థ లేదు కదండీ. సంస్థ పేరు రాసే గడి ఖాళీగా ఉంటే మా సైటు పేపరు తీసుకోదు. అందుకని మా సార్ పేరు ముందు పెట్టాం. కాలేజీ లేనివాళ్లకి ఏటా ఇంతేనండి."

"సైటు బాగుచేయొచ్చు కదండీ?"

"సదస్సు అయ్యాక చూద్దామండి. అయినా పెద్దాయన పక్కన మీ పేరు ఉండటం మీకే మంచిది కదా?"

లోపల వేదిక మీద ఎవరో, లోపాన్ని ముందే పసిగట్టడం ఎలాగో చెబుతున్నారు. చప్పట్లు కొడుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

పేర్లు మార్చాలంటే సదస్సు సంఘం అధ్యక్షుడు ఒప్పుకోవాలట. ఆయన రిటైరైన ప్రొఫెసరు. మోకాలి నొప్పితో రేపల్లెలో ఇంట్లోనే ఉన్నారు. అడ్రసు తీసుకుని, భోజనం మానేసి బస్టాండుకు వెళ్లాను. చెరుకుపల్లి మీదుగా రేపల్లెకు గంటన్నర పైనే పడుతుంది.

కండక్టరు నా మెడలో కార్డు చూసి, "ఏంటి బాబాయ్, ఎలక్షన్ డ్యూటీనా?" అన్నాడు.

"కాదు."

"మరి మొహం అట్టా పెట్టుకున్నావేంటి?"

ముందు సీట్లో వాళ్లు నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగాను.

అధ్యక్షుల వారు కుర్చీలో కాలు చాపుకుని అంతా విన్నారు. "మొదటి పేరున్నాయన ఉత్తరం రాస్తేనే పేర్లు మార్చాలయ్యా. ఆ రూలు రాసింది నేనే," అన్నారు.

"ఆయన పేరు తీసెయ్యడానికి ఆయనే రాయాలాండీ?"

"రూలు అంతే."

"పేపరే వెనక్కి తీసుకుంటాను."

"దానికీ ఆయన ఉత్తరమే కావాలి." గొంతు తగ్గించి అన్నారు: "ఇంకో రూలుంది. పేపరు మీద పేరున్నవాళ్లలో ఒకరైనా వచ్చి చదివి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎవరూ రాకపోతే సదస్సు తర్వాత అచ్చేసే పేపర్ల పుస్తకంలో వెయ్యరు. కానీ మూడేళ్ల కష్టం, ఆలోచించుకో నాయనా."

"నా కష్టమే కదండీ," అని లేచాను. సాయంత్రం రేపల్లెలో తెనాలి ప్యాసింజరు ఎక్కాను. గంట ప్రయాణం. కోపం ఏ స్టేషన్‌లోనూ దిగలేదు.

మర్నాడు పదకొండింటికి నందివెలుగు మిల్లులో ఉండగా కన్వీనర్ మేడమ్ ఫోన్ చేశారు. "మీ వంతు వచ్చిందండి. ఎక్కడున్నారు?"

"మొదటి పేరున్నాయన్ని చదవమనండి."

"ఆయనకి అందులో ఏముందో తెలియదు కదండీ!"

ఫోన్ పెట్టేశాను. పేపరు అచ్చు కాలేదు.

అక్కడ దొంగలెవరూ లేరు. అదే నా కోపం. ఒక గడిలో ఉన్న తప్పు అందరికీ తెలుసు. దాన్ని సరిచేయడం కంటే మనిషి పేరు వెనక్కి నెట్టడం వాళ్లకు తేలికైంది. మిల్లులో కాటా తప్పు చూపిస్తే ఆ పూటే ఆపేస్తాం. మీరూ ఇలాంటి సదస్సుకు వెళ్లేవారైతే, టికెట్టు కొనడానికి ముందే కార్యక్రమాల పుస్తకంలో మీ పేజీని ఫొటో తీసి పంపమని అడగండి.