బొమ్మ పైకి పెట్టండి

మా ఊరి ప్రిస్కిల్లా తుఫానును పిలిపించి, దాని చేత మార్కెట్ కమిటీ ఛైర్మన్‌ను కుర్చీలోంచి దింపించింది. సరే, తుఫాను సంగతి కాస్త ఎక్కువైంది. అది బంగాళాఖాతంలో తనంతట తనే పుట్టింది. దింపింది మాత్రం ప్రిస్కిల్లాయే. అబద్ధమాడితే నాలుక మీద పుండు లేస్తుందని చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ చెప్పేది. ఇన్నేళ్ళలో నాకు ఒక్కటీ లేవలేదు కాబట్టి మీరు నమ్మవచ్చు.

నిడదవోలు దాటాక కాలవగట్టు మీద మా ఊరు. అక్కడి బడిలో ప్రిస్కిల్లా ఏళ్ళ తరబడి మధ్యాహ్న భోజనం వండింది. భర్త పోయాక ఆమెకు మిగిలిన ఆధారం ఆ గరిటె ఒక్కటే. పిల్లలు సాంబారు రెండోసారి అడిగితే ముఖం చిట్లించేది, అయినా నిండుగా పోసేది.

పగ పట్టడంలో ఆమెకు సాటి లేదు. ఒకసారి క్రిస్మస్ విందులో ఆమె చేసిన పప్పుచారులో ఉప్పెక్కువైందని పాస్టరమ్మగారు ఒక మాట అన్నారు. మరుసటి ఏడు అందరికీ మామూలు చారు, పాస్టరమ్మగారికి మాత్రం విడిగా చప్పిడి చారు, పక్కన ఉప్పు పొట్లం. "ఎంత కావాలో మీరే వేసుకోండమ్మగారూ" అని ఎంతో వినయంగా చెప్పింది.

అలాంటి మనిషి జోలికి ఉదయభాస్కర్ వెళ్ళాడు.

ఉదయభాస్కర్ ఒకప్పుడు మా ప్రాంతపు నాయకుడు చంద్రరావుకు కుడిభుజం. చంద్రరావు మీద ఇసుక కేసు పడగానే ఆ భుజం ఊడి అవతలి పార్టీకి అతుక్కుంది. ఆ పార్టీ గెలిచింది, ఇతను ఛైర్మన్ అయ్యాడు. అప్పటినుంచీ చంద్రరావు నీడ తగిలినవాళ్ళంటే అతనికి పడేది కాదు. తన మీద ఉన్న మరకని ఊరందరికీ పూస్తే తనది కనబడదని లెక్క.

ఎన్నికల ముందు చంద్రరావు బడికి వచ్చి, పిల్లల వరసలో కూర్చుని అన్నం పెట్టమన్నాడు. ప్రిస్కిల్లా పెట్టింది. ఎవరో ఫొటో తీశారు. ఆ ఫొటోని ఉదయభాస్కర్ విజయోత్సవ సభలో పెద్ద తెర మీద వేయించి, మైకు పట్టుకున్నాడు.

"చూడండి. ఇసుక దొంగకి అన్నం పెట్టిన చెయ్యి ఇది. ఈ చేత్తోనే మీ పిల్లలకి పెడుతోంది. దొంగ పక్కన నిలబడ్డవాళ్ళు దొంగలు కాక మరేంటి? ఫొటో అబద్ధం చెబుతుందా?"

జనం చప్పట్లు కొట్టారు. చంద్రరావు దొంగ అవునో కాదో ఇప్పటికీ కోర్టు తేల్చలేదు. ప్రిస్కిల్లా సంగతి మాత్రం ఆ సాయంత్రమే తేలిపోయింది. సోమవారానికి బడి వంటగదికి వేరే తాళం పడింది. ఛైర్మన్ గారి అనుచరుడి భార్య వంటకి కుదిరింది. ఆదివారం చర్చిలో ప్రిస్కిల్లా కూర్చున్న బల్ల మీద మరెవరూ కూర్చోలేదు.

ఆమె ఉదయభాస్కర్ ఇంటికి వెళ్ళింది.

"అయ్యా, కంచం ముందు కూర్చున్న మనిషికి పెట్టానండి. మీరొచ్చి కూర్చున్నా పెట్టేదాన్ని."

"నాకు తెలుసమ్మా. నువ్వు మంచిదానివే. రాజకీయం అంతే. మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోనండి" అని వచ్చేసింది.

ఆమె పెట్టుకోనన్నదంటే భద్రంగా పెట్టుకున్నదని అర్థం.

కోతలయ్యాయి. ధాన్యం రోడ్డు పొడవునా రాశులు పోసి ఉండగా తుఫాను కబురొచ్చింది. బరకాలు చాలక రైతులు ఇళ్ళలో ఉన్న పాత ఫ్లెక్సీలు తెచ్చారు. మా వైపు ఫ్లెక్సీ ఎప్పుడు కప్పినా బొమ్మ కిందకి, తెలుపు పైకి. పైన ఎవరి ముఖం కనబడినా వాళ్ళ మనిషివని ముద్ర పడిపోతుందని భయం.

మర్నాడు తడిసిన ధాన్యం చూడటానికి రాజధాని నుంచి పార్టీ పెద్దాయన వస్తున్నాడు, వెంట ఉదయభాస్కర్ వస్తున్నాడు. అది విని ప్రిస్కిల్లా ముసురులోనే గొడుగు వేసుకుని రాశి రాశికీ తిరిగింది.

"ఛైర్మన్ గారి ముఖాన్ని ధాన్యం మీద బోర్లా పడుకోబెట్టారేంటండి? బొమ్మ పైకి పెట్టండి. చూసి సంతోషిస్తే ముందు మన ధాన్యమే కొనిపిస్తారు."

"పక్కన చంద్రరావు కూడా ఉన్నాడే" అన్నాడు రైతు జగన్నాథరావు.

"ఓడినాయన్ని ఎవరు చూస్తారండి? గెలిచినాయన్నే చూస్తారు."

ఆ మాట అందరికీ సబబుగా తోచింది. ఫ్లెక్సీలన్నీ తిరగబడ్డాయి. చంద్రరావు పుట్టినరోజుకని ఒకప్పుడు ఉదయభాస్కరే సొంతంగా వేయించినవి అవి. ప్రిస్కిల్లా తన స్నానాల దడికి కట్టుకున్నది కూడా విప్పి తెచ్చి, అన్నిటికంటే పెద్ద రాశి మీద తనే పరిచింది.

తెల్లారేసరికి కాలవగట్టు పొడుగునా నూరుమంది ఉదయభాస్కర్లు. సరే, పదిహేనుమంది. ఒకచోట చంద్రరావు కాళ్ళకి దండం పెడుతున్నాడు, ఒకచోట దండ వేస్తున్నాడు. పెద్ద రాశి మీద ఆయన నోట్లో కేకు పెడుతున్నాడు, కింద 'మా దైవానికి జన్మదిన శుభాకాంక్షలు' అని.

పెద్దాయన కారు దిగాడు. జగన్నాథరావు చేతులు కట్టుకుని ఎదురెళ్ళాడు.

"మా ఛైర్మన్ గారి బొమ్మేనండి, గింజ తడవకుండా కాపాడింది."

టీవీవాళ్ళు కెమెరాలు తిప్పారు. పెద్దాయన చాలాసేపు ఆ కేకు వంక చూశాడు.

"పెడుతున్నది మీరేనా ఉదయభాస్కర్ గారూ?"

"పాత ఫొటోలండి అవి. అప్పటి సంగతి వేరండి."

"ఆ రోజు సభలో నేనూ ఉన్నాను. అన్నం పెడితే దొంగ, కేకు పెడితే ఛైర్మనా?"

వారం తిరక్కుండా కుర్చీ పోయింది. మొన్నటిదాకా ఇంటి ముందు బారులు తీరిన కార్లు ఆ వీధి మలుపే మర్చిపోయాయి. ఒక సాయంత్రం ఉదయభాస్కర్ నడుచుకుంటూ ప్రిస్కిల్లా గుమ్మంలోకి వచ్చాడు. నేను పక్కనే మా ఇంటి అరుగు మీద ఉన్నాను, చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

"నువ్వు ఒక్క మాట చెప్పమ్మా, అది పొరపాటున జరిగిందని. టీవీవాళ్ళని నేను పిలుస్తాను."

"నేనా అండి? నేను దొంగకి అన్నం పెట్టినదాన్ని కదండి. నేను మీ తరఫున మాట్లాడితే మీకే చెడ్డపేరు."

"అలా అనకమ్మా."

"ఎండన పడి వచ్చారు, మంచినీళ్ళు ఇద్దామనే ఉందండి. ఎవరైనా ఫొటో తీస్తే మళ్ళీ మీకే ఇబ్బంది. చీకటి పడకముందే వెళ్ళిపోండి."

అతను వెళ్ళేదాకా గుమ్మంలోనే నిలబడి చూసింది. అంత తృప్తి ఆమె ముఖంలో పండగల్లో కూడా చూడలేదు నేను. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. కొత్త ఛైర్మన్ తన మనిషిని పెట్టుకున్నాడు. ఆ కొత్తాయన పేరు ఏంటని ప్రిస్కిల్లా నన్ను రెండుసార్లు అడిగింది.

ఇదంతా రాసి ఆమెకే చదివి వినిపించాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ చివరిదాకా విన్నది.

"ఏంటండి తాతగారూ ఇది. ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. వానొచ్చింది, ఎవరి ధాన్యం వాళ్ళు కప్పుకున్నారు. నేనసలు ఆ రోజు ఊళ్ళోనే లేనండి. పెనుగొండలో మా చెల్లెలింట్లో ఉన్నాను."