ఏం తిన్నవని అడిగే మా ఆటల సారు

మా ఆటల సారు పోయారన్న కబురు నాకు మీటింగులో ఉండగా వచ్చింది. మర్నాటి నుంచి మా సోలాపూర్‌లో మొదలయ్యే కాలేజీల ఖోఖో పోటీల గురించి ఆ మీటింగు. ఏ జట్టు ఎక్కడ పడుకోవాలి, నీళ్ళ ట్యాంకరు ఎవరు తెప్పించాలి, ఒకే జట్టు చేత ఒకే రోజు రెండు ఆటలు ఆడించవచ్చా కూడదా అని పొద్దుటి నుంచి అదే నలుగుతోంది. ఆఫీసు గుమాస్తా వచ్చి నా చెవిలో చెప్పాడు. ఫోను చేసింది సారు భార్య. మేమంతా ఆమెను అక్కా అంటాం. "మీటింగు ఇడిసిపెట్టి ఉరుక్కుంట రావద్దని చెప్పుండ్రి. అంతా అయినంకనే రమ్మనుండ్రి. సారుకు మధ్యల లేసుడు నచ్చది" అన్నదట.

నేను లేవలేదు. అది గుండెధైర్యం అనుకోకండి. ఏళ్ళ తరబడి ఇలాంటి మీటింగుల్లో కూర్చుని కూర్చుని, లేవాలన్నా లేవలేని అలవాటొకటి పట్టుకుంది. ఆ అలవాటు కూడా సారు పెట్టిందే. "మాట్లాడెటోళ్ళు చాయ్ తాంగనే లేసిపోతరు. ఆఖరుదాక కూసున్నోడే రూల్ రాస్తడు" అనేవారు. ఆ రోజు ఆఖరుదాకా కూర్చున్నాను. రెండు ఆటల సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు. నిరుడూ అదే అన్నారు. బయటికొచ్చి అశోక్ చౌక్ దగ్గర ఆటో ఎక్కాక గాని నాకు ఏడుపు రాలేదు.

సారు మా కాలేజీలో ఆటలు నేర్పేవారు. ఆయన పరుగెత్తగా చూసినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. పరుగు సరే, వడివడిగా నడవగా కూడా చూడలేదు. కుంఠా నాకా నుంచి కాలేజీకి నడిచే వచ్చేవారు, ఎప్పుడూ ఒకటే నడక. బస్సు కళ్ళెదురుగా కదిలిపోతున్నా అడుగు పెంచేవారు కాదు. "ఇంకొకటి వస్తది. ఉరుక్కుంట ఎక్కినోడు గూడ నిలబడే పోతడు" అని మమ్మల్ని ఎగతాళి చేసేవారు. ఈల మెడలో వేసుకుని తిరిగేవారు గాని దాన్ని ఊదింది తక్కువే. పేరు పెట్టి పిలిస్తే పోయేదానికి ఈల ఎందుకనేవారు. చాయ్ సాసర్లో పోసుకుని, చల్లారిందాకా దాని వంక చూస్తూ కూర్చునేవారు. ఒక్కోసారి తాగడం మరిచిపోయేవారు.

ఇలాంటి మనిషిని కాలేజీల క్రీడా కమిటీలో ఎందుకు వేశారో నాకు తెలియదు. అప్పట్లో వేరే ఊళ్ళో మీటింగు. రానూ పోనూ రోజంతా ఎస్టీ అనే సర్కారు బస్సులో గడిచేది. ఎవరికీ ఇష్టంలేని పని కాబట్టి ఆయన మెడకు చుట్టి ఉంటారు. పోటీలు ఎలా జరగాలి, ఎవరు ఆడవచ్చు, ఎవరు ఆడకూడదు అన్న నియమాలన్నీ అక్కడే తయారయ్యేవి. అలాంటి నియమం ఒకటి నా మీదే వచ్చిపడింది. ఈ నాలుగు మాటలు రాయడం దాని కోసమే.

అప్పుడు నేను బి.ఏ. రెండో సంవత్సరం. మా నాన్న మరమగ్గాల కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. ఆ వారం నూలు రాక మగ్గాలు ఆగిపోయాయి. పోటీల చివరి రోజుకు ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ అయింది. చుట్టిన బీడీలు అప్పజెప్పి రావడానికి అమ్మ చీకటితోనే బయల్దేరింది. "ఒస్తొస్త బియ్యం తెస్త, వండుత, ఆగు" అన్నది. ఆగితే ఆట పోతుంది. నేను నల్ల చాయ్ తాగి పోయాను. పొద్దున సెమీఫైనల్ ఆడాము, గెలిచాము. మధ్యాహ్నం మండే ఎండలో ఫైనల్. స్తంభం తిరగబోయిన నాకు స్తంభం రెండుగా కనిపించింది. తర్వాతేమైందో తెలియదు.

కళ్ళు తెరిచేసరికి కమిటీ తరఫున వచ్చిన డాక్టరు నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు. "ఉపాస్ ఆహే కా?" అని మరాఠీలో అడిగాడు, ఉపాసమా అని. నేను "హో, ఉపాస్" అన్నాను, అవునని.

ఆ ఒక్క మాట దగ్గరే అంతా తారుమారైంది. మా ఇళ్ళలో దేవుడి పేర తినకపోయినా ఉపాసమే, కుండలో లేక తినకపోయినా ఉపాసమే. పిల్లలు రాత్రి ఉపాసం పండుకున్నారంటే ఏ దేవుడికని ఎవరూ అడగరు. మరాఠీలో అలా కాదు. ఉపాస్ అంటే వ్రతం. తిండిలేక ఉన్న మనిషిని ఉపాశీ అంటారు. నాకు మరాఠీ రాక కాదు, ఇంట్లో తెలుగు ఎంతో వీధిలో మరాఠీ అంత. కాని స్పృహ తప్పి లేచిన మనిషి నోటికి ఇంటి మాటే ముందొచ్చింది. పైగా ఆ రోజు గురువారం. సోలాపూర్‌లో గురువారం ఉపాసాలు ఇంటికొకటి ఉంటాయి. డాక్టరు నమ్మకపోవడానికి కారణమే లేదు.

ఆ తర్వాతి మీటింగులో నియమం పుట్టింది. వ్రతంలో ఉన్నవాళ్ళను ఆడనివ్వకూడదు. సంగతి దాచిపెట్టి ఆడి పడిపోయినవాళ్ళను మరుసటి ఏడు పోటీలకు దూరం పెట్టాలి. ఆడపిల్లలకు ఉపాసాలెక్కువ కాబట్టి వాళ్ళ ఆట సమయమే తగ్గించేద్దామని కూడా ఒక పెద్దమనిషి అన్నాడట. దాన్ని మాత్రం సారు సాగనివ్వలేదు. ఆ శిక్ష మొదట నాకే పడింది, నాకు కాలేజీలో మిగిలింది ఆ ఒక్క ఏడే. జట్టుకు నన్నే కెప్టెన్ చేస్తారని అందరూ అనుకుంటున్న రోజులు. ఆటతోనే ఏదన్నా ఉద్యోగం దొరుకుతుందని నాకూ ఆశ ఉండేది.

రెండు రోజుల తర్వాత సారు మా ఇంటికి వచ్చారు. అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. సారు గడప మీదే కూర్చున్నారు.

"అక్కా, పిల్ల ఏ దేవునికున్నది ఉపాసం?"

అమ్మ చేతులు ఆగలేదు. "ఏ దేవునికి లేదు సారు. ఇంట్ల లేకుండె, గంతే."

"నేను గదే అనుకున్న. గీ మాట మీటింగుల చెప్త. వ్రతం కాదంటె పిల్లకు రూల్ పట్టది."

అప్పుడు ఆగాయి అమ్మ చేతులు. "వద్దు సారు."

"చెప్పకుంటె పిల్ల ఆట పోతదక్కా."

"పోతె పోనీ. ఇంట్ల అన్నం లేక ఫలానోళ్ళ పిల్ల పడ్డదని గంతమంది పెద్దమనుషులల్ల చెప్తరా? రేపు ఆయన కార్ఖానల తలకాయ ఎట్ల ఎత్తాలె? నేను గల్లీల ఎట్ల నడువాలె? దేవునికే ఉన్నదనుకోనియ్యుండ్రి. దేవుడేం అనుకోడు."

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. సారు ఒక్కసారి నా వంక చూశారు. వాదిస్తారనుకున్నాను. ఆయన మాత్రం "సరే అక్కా. మీరు వద్దంటె చెప్ప" అని లేచారు. గల్లీ మలుపు దాకా నేను వెనకే వెళ్ళాను. "నువ్వు ఉపాశీ అనుంటె అయిపోతుండె బిడ్డా" అన్నారు. "కోపమొస్తది నీకు, రానీ. ఇల్లు మీ అమ్మది. చెప్పాల్నా వద్దా ఆమె ఇష్టం" అన్నారు. నాకు నిజంగానే కోపం వచ్చింది, అమ్మ మీదా, ఆయన మీదా. మరుసటి ఏడు పోటీలను సున్నం గీత ఇవతల నిలబడి చూశాను. మా వాళ్ళు ఓడిపోయారు. చెప్పుకోకూడదు గాని, ఆ రోజు నాకు పెద్దగా బాధనిపించలేదు.

సారు ఇచ్చిన మాట తప్పలేదు. అలాగని ఊరుకోనూ లేదు. ఆట మొదలయ్యేముందు ఆడేవాళ్ళందరికీ, పోటీలు నడిపే కాలేజీయే అన్నం పెట్టాలన్న నియమం కావాలని అడగడం మొదలుపెట్టారు. ఎందుకో చెప్పమన్నారు. అసలు కారణం చెప్పకూడదు. "ఆపణ్ ఖానావళ్ చాలవతో కా?" అని నవ్వారట, మనమేమన్నా భోజనాల హోటలు నడుపుతున్నామా అని. ప్రతి మీటింగులోనూ ఆయన అదే మాట ఎత్తేవారు, ప్రతి మీటింగులోనూ వాళ్ళు దాన్ని పక్కన పెట్టేవారు. నేను చదువు ముగించి, అదీ ఇదీ చేసి, చివరికి అదే కాలేజీలో ఆయన కింద పనిలో చేరేనాటికి కూడా అది పక్కనే ఉంది. మీటింగు నుంచి తిరిగొచ్చిన రోజు ఆయన మొహం చూస్తే జాలేసేది. చెప్పులు విప్పుకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. "యాష్టకొచ్చింది బిడ్డా. అన్నం పెట్టుండ్రి అననీకి గిన్ని మాటలా" అనేవారు. మళ్ళీ మీటింగుకు మళ్ళీ పోయేవారు.

ఆ మధ్యకాలంలోనే ఆయనకు ఒక అలవాటైంది. ప్రాక్టీసుకు వచ్చిన ప్రతి పిల్లనూ, ఏం తిన్నవు అని అడిగేవారు. తిన్నవా అని ఎప్పుడూ అడగలేదు. నేనొకసారి తేడా ఏమిటన్నాను. "తిన్నవా అంటె తిన్న సార్ అంటరు, అయిపాయె. ఏం తిన్నవు అంటె అబద్ధం ఆడనీకి జర సోంచాయించాలె. గా జరసేపట్లనే మొహం చెప్పేస్తది" అన్నారు. అలా దొరికిపోయిన పిల్లలను ఏదో పని ఉందని తన ఇంటికి పంపేవారు. అక్క ఏ ప్రశ్నా అడగకుండా రొట్టె, పప్పు పెట్టి పంపేది. మిగతావాళ్ళకు నిజంగా పనే అనిపించేది.

ఆయన రిటైరయ్యే ముందు ఆ నియమం వచ్చింది. దూరం నుంచి పొద్దుటి బస్సుకు వచ్చే జట్ల సౌకర్యం కోసం, అని అందులో కారణం రాశారు. ఇప్పటికీ అలాగే ఉంది. వ్రతాల నియమాన్ని ఎవరూ కొట్టేయలేదు, అడిగేవాళ్ళు లేక మూలపడింది. బస్సుల మీద పెట్టి చెప్పారేమిటి సారూ, అది అబద్ధమే కదా అన్నాను. "కారణం ఏదుంటె ఏంది, ప్లేట్ల అన్నమున్నది కద" అన్నారు. గెలిచిన మనిషిలా లేరు. బాగా అలసిపోయి ఉన్నారు. ఆ రోజు చాయ్ కూడా సాసర్లోనే చల్లారింది.

మళ్ళీ ఆయన పోయిన నాటికి వస్తాను. కూతురు హైదరాబాదు నుంచి రావాలని శవాన్ని మర్నాటి దాకా ఉంచారు. పొద్దున్నే నేను మా జట్టును తీసుకుని వెళ్ళాను. ఆ పిల్లలకు సారు బాగా తెలుసు. రిటైరయ్యాక కూడా మైదానానికి వచ్చి ఏం తిన్నవని అడిగేవారు. మధ్యాహ్నం మా మొదటి ఆట ఉంది. చూసి దండం పెట్టి, మైదానానికి వెళ్ళి అక్కడే తిందామనుకున్నాం. తీరా వచ్చాక పిల్లలు కదలలేదు. ఏడుస్తూ కూర్చున్నారు. కూతురు రావడం ఆలస్యమైంది. మా వాళ్ళలో శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి ముట్టించరు. వచ్చినవాళ్ళు కూడా నోట్లో ఏమీ వేసుకోరు, తర్వాత స్నానం చేసి గాని తినరు. ఆ లెక్కన మా పిల్లలు ఖాళీ కడుపుతో ఎండలోకి దిగాలి, లేదా ఆట వదులుకోవాలి. నేను వదులుకోవడానికే సిద్ధపడ్డాను. ఆ మాట అక్కకు చెప్తే, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు మా అమ్మ వచ్చింది. నెత్తిన అన్నం గంప, చేతిలో పప్పు గిన్నె. పిల్లలింకా ఇక్కడే ఉన్నారని విని మా ఇంట్లో వండుకుని తెచ్చింది. సారు అన్నగారు వాకిట్లోనే అడ్డం నిలబడ్డారు.

"ఏందమ్మా గిది? శవం లేవకముందు తింటరా ఎవలన్నా?"

"పెద్దోళ్ళం మనం తినం. ఆడే పోరగాండ్లు తింటరు."

"పద్ధతి గాదు. నలుగురు ఏమనుకుంటరు?"

అమ్మ గంప కింద పెట్టింది. వాకిలి నిండా జనం ఉన్నారు. మా గల్లీవాళ్ళు, కార్ఖానావాళ్ళు, కమిటీ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు కూడా. అమ్మ గొంతు ఎప్పుడూ చిన్నదే. ఆ రోజు అందరికీ వినపడింది.

"అప్పట్ల నా బిడ్డ ఆటల పడ్డది. దేవుని ఉపాసం అన్నరు అందరు. దేవుని ఉపాసం గాదు. నా ఇంట్ల బియ్యం లేకుండె. సారుకు ఎరుకే. నేను వద్దంటె ఎవ్వరికి చెప్పలే ఆయన, పోయేదాంక చెప్పలే. ఇగ నేనే చెప్తున్న. ఎవలేమనుకుంటరో అనుకోనీ. పోరగాండ్లను తిననియ్యుండ్రి."

సారు అన్నగారు పక్కకు జరిగారు. ఇంటి వెనక మగ్గాల షెడ్డు ఉంది. చావు ఇల్లని ఆ రోజు మగ్గాలు ఆపేశారు. ఆ మగ్గాల సందుల్లో, ఆట దుస్తుల్లోనే పిల్లలు బారుగా కూర్చున్నారు. అమ్మ వడ్డించింది. మొదట్లో ఒక్కరికీ ముద్ద దిగలేదు, ఏడుస్తూనే కలుపుకున్నారు. ఒక పిల్ల చాలంటే అమ్మ వినిపించుకోకుండా ఇంకో గరిటె వేసింది. ఇంతలో కూతురు వచ్చింది, ముందర ఏడుపులు పెద్దవయ్యాయి. మోసేవాళ్ళు భుజాల మీద తువ్వాళ్ళు వేసుకుని పాడె చుట్టూ చేరారు. ఎత్తుదామా అని ఒకరు అడిగితే, అక్క షెడ్డు వైపు తిరిగి చూసి, ఆగమన్నట్టు చెయ్యి చూపింది. అందరూ ఆగారు. పిల్లలు తినడం అయ్యేదాకా, పాడె పక్కన ఆ మనుషులు అలాగే నిలబడి ఉన్నారు.